కామెరూన్ యాస

మా నాన్న గొంతు అమ్ముకుని బతికాడు. ఆ మాట ఎదురుగా అంటే ఒప్పుకునేవాడు కాదు, గాత్రదానం అనాలనేవాడు. దానం చేసేవాళ్ళింటికి బియ్యం ఎక్కణ్ణుంచి వస్తాయని అమ్మ అడిగేది.

బెంగళూరు నుంచి ఒక పెద్ద నటుడు తెలుగు సినిమాల్లో తండ్రి వేషాలకు వచ్చేవాడు. ఆయనకు తెలుగు ముక్క రాదు. ఏళ్ళ తరబడి ఆయన పెదాలు కదిపితే డబ్బింగ్ థియేటర్లో మా నాన్న మాట్లాడాడు. కూతుళ్ళను అత్తారింటికి పంపుతూ ఆయన ఏడ్చిన ఏడుపులన్నీ మా నాన్నవే. ఒక ఏడాది ఆయన ఇక వేషాలు చాలనుకుని ఇంటిపట్టున ఉండిపోయాడు. దాంతో నాన్న పనీ పోయింది. ఇంకొకరికి చెప్పబోతే, ఈ గొంతు వింటే ఆయనే గుర్తొస్తున్నాడండీ అని దర్శకులు దణ్ణం పెట్టి పంపేవాళ్ళు. వీరరాఘవయ్య అనే మా నాన్న పేరు ఏ తెర మీదా పడలేదు కాబట్టి ఆ పేరు గుర్తుపెట్టుకోవలసిన అవసరం ఎవరికీ లేదు.

తొంభై ఎనిమిది జూన్ నాటికి మేం హైదరాబాదులో సినిమావాళ్ళుండే కృష్ణానగర్ వదిలి షేక్‌పేట పాత ఊళ్ళో పోచయ్యగారి ఇంట్లో చిన్న వాటాలో అద్దెకుంటున్నాం. నేను డిగ్రీ చదువుతున్నాను. నాన్న రోజంతా వసారాలో కూర్చుని, వచ్చిన సినిమా పత్రికల్ని తిరగేసేవాడు. అమ్మ పుష్పవల్లి ఆయన వైపు చూడకుండా పనులు చేసుకునేది. అలా చూడకపోవడమే పెద్ద తిట్టు.

పోచయ్యగారిది ఆ ఊరే. కుర్రతనంలో ఫుట్‌బాల్ ఆడాడు. ఆ ఆట చూసే ఒక ఫ్యాక్టరీ వాళ్ళు పిలిచి ఉద్యోగమిచ్చారు. దేశం తలుపులు బార్లా తెరిచిన రోజుల్లో ఆ ఫ్యాక్టరీ వాళ్ళు ఆటల జట్టు దండగని మూసేశారు, ఆ తర్వాత కొన్నాళ్ళకు ఫ్యాక్టరీనే మూసేశారు. ఆయన చిన్నప్పుడు ఆడిన మైదానం గుట్ట కింద ఉండేది. ఇప్పుడక్కడ జూబ్లీహిల్స్ అని రాసి ఉన్న ప్రహరీగోడలు, గోడల మీద గాజుపెంకులు. ఒకసారి నన్ను అటు తీసుకెళ్ళి, ఎవరో నిర్మాతగారి గేటు చూపించి, మా గోల్‌పోస్ట్ గీడనే ఉండె బిడ్డా అన్నాడు. కోపంగా కూడా అనలేదు. గేటు దగ్గరి గూర్ఖా మమ్మల్ని పొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు.

ఆ జూన్‌లో ఫ్రాన్స్‌లో ప్రపంచకప్పు మొదలైంది. చలపతిరావు అనే ఆయన ఫిల్మ్‌నగర్‌లో కేబుల్ నడిపేవాడు. ఆయన వైరు దిగువన కృష్ణానగర్, షేక్‌పేట సందుల దగ్గర్నుంచి పైన కొండమీది బంగళాల దాకా పోయేది. పక్క కేబులాయన అదే డబ్బుకు రోజుకో సినిమా ఎక్కువ వేస్తానంటూ కనెక్షన్లు లాగేసుకుంటున్నాడు. చలపతిరావుకు కార్పొరేటర్ కావాలని కూడా మనసులో ఉంది. ఆటల చానల్లో ఇంగ్లీషు మాటలు తీసేసి, మన తెలుగు మాటలు పెడితే ఊరంతా తన వైరే పట్టుకుంటుందని ఆయనకు తోచింది. మా నాన్న మైకు పనివాడని ఎవరో చెప్తే పిలిపించాడు.

నాన్న జన్మలో ఫుట్‌బాల్ చూసి ఎరగడు. తెనాలిలో పుట్టి నాటకాలాడి సినిమాల్లోకి వచ్చినవాడు. అందుకని పోచయ్యగారిని వెంటబెట్టుకెళ్ళాడు. చలపతిరావు మేడ మీద రేకుల షెడ్డే కంట్రోల్ రూము. టీవీ ముందు ఇద్దరూ పక్కపక్కన కుర్చీల్లో. పోచయ్యగారు వేలితో చూపిస్తూ గుసగుసగా చెప్తే నాన్న దాన్ని గట్టిగా చెప్పేవాడు. నేను కాలేజీ నుంచి వచ్చాక వాళ్ళకు టీ పట్టుకెళ్ళేదాన్ని. స్పెయిన్ మీద నైజీరియా గెలిచిన సాయంత్రం పోచయ్యగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. వెనకబడ్డ జట్టు ఇక అయిపోయిందని నాన్న అంతకుముందే మైకులో తేల్చేశాడట. పోచయ్యగారు ఆయన మోకాలి మీద చెయ్యి వేసి అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

"ఫికర్ జెయ్యకు సారూ. సీటీ గొట్టేదాంక ఆట అయిపోలే."

సీటీ అంటే ఆయన మాటలో రిఫరీ ఈల.

మొదటి రోజుల్లో నాన్న మాటలు రేడియోలో వ్యవసాయ కార్యక్రమంలా పొడిపొడిగా ఉండేవి. చలపతిరావు పెదవి విరిచాడు. ఒకనాడు తెర మీద ఒక ఆటగాడు రిఫరీ ముఖంలో ముఖం పెట్టి వాదిస్తున్నాడు. వాడి పెదాలు పెద్దవిగా కనిపించాయి. పెదాలు కనిపిస్తే మా నాన్న నోరు ఊరుకోదు, అది ఏళ్ళ అలవాటు. వాడికి డైలాగ్ చెప్పేశాడు. రిఫరీకీ ఆయనే జవాబు చెప్పాడు. ఫౌల్ చేసినవాడు, రోజు బత్తా డబ్బులు ఇవ్వని ప్రొడక్షన్ మేనేజర్ని నిలదీసే జూనియర్ ఆర్టిస్టులా మాట్లాడాడు. కృష్ణానగర్ సందుల్లో జనం పడి పడి నవ్వారట.

ఇక ఆటగాళ్ళందరికీ నోళ్ళు వచ్చాయి. కోచ్‌లు నీళ్ళ ట్యాంకర్ రాలేదని అరిచారు. గోల్‌కీపర్లు కరెంటు కోత గురించి ఏడ్చారు. టీ కొట్ల దగ్గర టీవీలు బయటపెట్టి, సినిమా మానేసి మ్యాచ్ చూశారు. ఎక్కడో ఫ్రాన్స్‌లో ఆడేవాళ్ళు మా వీధిలో వాళ్ళయిపోయారు. అమ్మ మళ్ళీ నాన్న వైపు చూడటం మొదలుపెట్టింది. రాత్రి అన్నంలో నెయ్యి కూడా వేసింది. మా ఇంట్లో అంత సంతోషం నేను చాలాకాలానికి చూశాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. తెలుగు సినిమాలో ఎవరూ రాసిపెట్టని పద్ధతి ఒకటి ఉండేది. హీరో, జడ్జి, డాక్టరు, హీరోయిన్ తండ్రి కృష్ణా గుంటూరు తెలుగు మాట్లాడతారు. రౌడీ, తాగుబోతు, ఇంట్లో అంట్లు తోమేది తెలంగాణ మాట్లాడతారు. హీరోది ఈ ఊరే అయినా సరే, వాడి మాటకు ఈ గాలి సోకదు. డబ్బింగ్‌వాళ్ళు వేషం చూడగానే ఏ యాస పెట్టాలో అడక్కుండానే పెట్టేస్తారు. నాన్న కూడా అలాగే పెట్టేశాడు. గాలికి జుట్టెగరేస్తూ గోల్ కొట్టేవాడికి తెనాలి. కాలు అడ్డం పెట్టి పడగొట్టేవాడికి షేక్‌పేట. ఆ షేక్‌పేట మాటలు ఆయనకు ఎక్కణ్ణుంచి వచ్చాయంటే, గోడకు అవతల నుంచి వచ్చాయి. ఏడాదిగా విని విని పోచయ్యగారి దగ్గు కూడా దించేశాడు.

మొదట్లో పోచయ్యగారూ నవ్వాడు. తన మాట టీవీలో రావడం ఆయనకు కొత్త. భార్య బాలమణమ్మకూ చుట్టుపక్కలవాళ్ళకూ టీవీ పెట్టుకుని వినమని చెప్పి మరీ షెడ్డుకు వచ్చేవాడు.

కామెరూన్‌కూ చిలీకీ మ్యాచ్ జరిగిన రోజు నేను ఆ షెడ్డులోనే ఉన్నాను. కామెరూన్ గెలిస్తేనే ముందుకు పోతుంది. వాళ్ళ గోల్ ఒకటి చెల్లదన్నారు, వాళ్ళ మనుషులు ఇద్దరిని ఎర్రకార్డు చూపించి పంపేశారు. నల్లటి మనుషులు, బలంగా ఉన్నారు, తగువులు పడుతున్నారు. నాన్న నోటికి అంతకన్నా ఏం కావాలి. పదకొండుమందికీ పోచయ్యగారి గొంతే పెట్టాడు. రెండోవాడు బయటికి పోతూ తల పట్టుకుంటే, వాడి చేత, "అరె సాబ్, జర సూడుండ్రి, ఇంట్ల పిల్లలున్నరు" అని బతిమాలించాడు. కింద టీ కొట్టు దగ్గర విరగబడి నవ్వుతున్న చప్పుడు షెడ్డులోకి వినిపించింది. పోచయ్యగారు లేచి చెప్పులేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. బాత్రూంకి అనుకుని నాన్న మ్యాచ్ కొనసాగించాడు.

మర్నాడు పొద్దున నల్లా దగ్గర బిందె పెట్టి నాన్న నిలబడి ఉన్నాడు. పోచయ్యగారు వచ్చి పక్కన నిలబడ్డాడు. నిన్న ఎందుకు వెళ్ళిపోయారని నాన్న అడిగాడు.

"ఒకటి జెప్పాలె సారూ," అన్నాడు పోచయ్యగారు. "గోల్ గొట్టెటోళ్ళంత మీ తీర్గ మాట్లాడుతున్నరు. కార్డు తినెటోళ్ళంత నా తీర్గ మాట్లాడుతున్నరు."

నాన్న తడబడ్డాడు. సినిమాల్లో అలవాటండీ, వేరే ఉద్దేశం లేదు, జనం నవ్వుతున్నారు కదా అన్నాడు.

"నవ్వుతున్నరు. గదే జెప్తున్న."

బిందె నిండి పొర్లింది. పోచయ్యగారే వంగి నల్లా కట్టేసి ఇంట్లోకి వెళ్ళాడు. ఆ రోజు నుంచి షెడ్డుకు రాలేదు. మా మీద ఒక్క మాట తూలలేదు, కిరాయి ఇల్లు ఖాళీ చెయ్యమనలేదు. బాలమణమ్మ ఎప్పటిలాగే అమ్మకు చింతచిగురు ఇచ్చింది. వాళ్ళ టీవీ మాత్రం సాయంత్రాలు మూగబోయింది. తిట్టి ఉంటే బాగుండేదని నాకు అనిపించేది. మా నాన్న మీద నాకు కోపం వచ్చింది, ఆ కోపం ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు. ఎందుకంటే ఆ నవ్విన జనంలో నేనూ ఉన్నాను, కాలేజీలో ఆ డైలాగులు చెప్పి మెప్పు పొందినదాన్నే.

నాన్న తర్వాతి మ్యాచ్‌లలో యాస తీసేశాడు. అందరి చేతా ఒకే తెలుగు మాట్లాడించాడు. జనం నవ్వలేదు. చలపతిరావు పిలిపించి, ఏంటండీ ఉప్పులేని పప్పులా తయారుచేశారు, ఆ భాష పెట్టండి, అదే కదా మన సరుకు అన్నాడట. అమ్మ కూడా ఆ రాత్రి, దొరక్క దొరక్క దొరికిన పని, ఒకాయన అలిగాడని పోగొట్టుకుంటారా అంది. నాన్న మూడు నాలుగు రోజులు తనలో తనే గొణుక్కుంటూ తిరిగాడు. దొడ్లో నిలబడి ఒకే వాక్యాన్ని పదిరకాలుగా చెప్పుకోవడం విన్నాను. పెద్ద సినిమాకు ముందు ఆయన అలా చేసేవాడు.

హాలండ్‌కూ అర్జెంటీనాకూ క్వార్టర్ ఫైనల్. ఆ సాయంత్రం బయల్దేరబోతూ నాన్న నన్ను పక్కకు పిలిచాడు.

"లీలా, ఇవాళ పోచయ్యగారి చేత టీవీ పెట్టించు. ఎలాగైనా పెట్టించు. ఇవాళ గెలిచేవాళ్ళంతా ఆయనలా మాట్లాడతారు."

చలపతిరావుగారు ఒప్పుకున్నారా అన్నాను. మైకు తన దగ్గర ఉన్నంతసేపూ మాట తనదే అన్నాడు. చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. రేకుల షెడ్డులో ఎవరు చూస్తారని.

నేను వెళ్ళేసరికి పోచయ్యగారు గడపలో కూర్చుని ఉన్నాడు. బతిమాలాలేమోనని మాటలు సిద్ధం చేసుకుని వెళ్ళాను. నాన్న చెప్పింది చెప్పగానే ఆయన లోపలికి రా బిడ్డా అన్నాడు. తనే లేచి టీవీ మీది గుడ్డ తీశాడు. అంతలో కరెంటు పోయింది. ఆ ఏడు షేక్‌పేటలో వంతుల వారీగా కరెంటు తీసేవాళ్ళు, కొండమీద తీసేవాళ్ళు కాదు. బాలమణమ్మ కందిలి వెలిగించింది. ముగ్గురం చీకటి టీవీ ముందు కూర్చున్నాం. ఆ గుట్ట కింది మైదానం గురించి, ఎడమకాలితో తను కొట్టిన ఒక గోల్ గురించి, దానికి ఊరంతా కలిసి కల్లు పోయించిన సంగతి గురించి పోచయ్యగారు చెప్పాడు. అప్పుడప్పుడు స్విచ్చి వైపు చూశాడు. ఎదురుచూస్తున్నాడు. అది నాకు తెలిసింది.

కరెంటు వచ్చేసరికి మొదటి సగం అయిపోయి, రెండో సగం నడుస్తోంది. తెర వెలిగింది. నారింజ చొక్కాలవాళ్ళు పరుగెత్తుతున్నారు. ఇంగ్లీషు వినిపించింది.

నేను చానల్ మార్చి మళ్ళీ వేశాను. ఇంగ్లీషే. టీవీ గొంతు పెంచాను. ఇంగ్లీషే ఇంకాస్త గట్టిగా వచ్చింది. పోచయ్యగారు నా చేతిని ఆపాడు. కుర్చీలో వెనక్కి వాలి, తొందర లేకుండా చూడసాగాడు.

"ఉండనియ్ బిడ్డా. మంచిగనే ఉన్నది. నాకు సమజ్ గాకపోతే ఏమాయె, గీ ఇంగ్లీషోడు ఎవ్వన్నీ తక్కువ జేస్తలేడు."

నేను చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా బయటపడ్డాను. ఆటో దొరికింది. ఫిల్మ్‌నగర్ మేడ మెట్ల దగ్గర చలపతిరావు సెల్‌ఫోను చెవికి పెట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి ఫోను పక్కకు జరిపాడు. పైనుంచి ఫోన్లొచ్చాయన్నాడు. కొండమీది పెద్దలు కుటుంబాలతో కూర్చుని చూస్తుంటే హీరో లాంటివాడి నోట ఆ భాష ఏంటని, కావాలని వెక్కిరిస్తున్నారా అని అడిగారట. వాళ్ళ మాట కాదంటే రేపు తనకు కార్పొరేటర్ టికెట్ ఎవరిప్పిస్తారు. మొదటి గోల్ పడ్డ వెంటనే ఇంగ్లీషు కలిపేశానన్నాడు.

"మీ నాన్నగారికి చెప్పలేదమ్మా. పెద్దాయన, ముచ్చటపడుతున్నాడు, పూర్తి చెయ్యనీ."

పైకి వెళ్ళాను. నాన్న చెవులకు హెడ్‌ఫోను పెట్టుకుని, ఇస్త్రీ చొక్కా చెమటకు వీపుకంటుకుపోయి, మైకు ముందు వంగి ఉన్నాడు. పక్క కుర్చీ ఖాళీగా ఉంది. ఆపరేటరు నన్ను చూసి తల తిప్పుకున్నాడు. నేను పిలవబోయి ఆగాను. ఆయన అంత బాగా చెప్పడం నేనెప్పుడూ వినలేదు. వెక్కిరింపు లేదు, సాగదీయడం లేదు. ఒక పెద్దమనిషి తన ఇంటి గడపలో కూర్చుని తన సంగతి తను చెప్పుకుంటున్నట్టుంది. చెరో ఒక గోల్ మీద ఉంది ఆట. అర్జెంటీనా వాడొకడు కోపం పట్టలేక అవతలి గోల్‌కీపర్ని తలతో పొడిచి బయటికి పోయాడు. వాడి చేత తెనాలి యాసలో సంజాయిషీ చెప్పించాడు నాన్న.

తర్వాత వెనక నుంచి ఒక పొడుగు బంతి వచ్చింది. నారింజ చొక్కావాడు గాలిలో ఎగిరి కాలి మీదకు దింపుకుని, ఎదుటివాణ్ణి తప్పించి, లోపలికి కొట్టాడు. నేల మీద వెల్లకిలా పడి ముఖం కప్పుకున్నాడు. వాడి పెదాలు కనిపించలేదు. అయినా నాన్న వాడి మాట చెప్పాడు.

"ఫికర్ జెయ్యకుండ్రి. సీటీ గొట్టేదాంక ఆట అయిపోలే అన్న గదా. నాది గిదే ఊరు. నేను గీడనే ఆడిన."

ఆ మాట ఆ షెడ్డులో నేనూ ఆపరేటరూ తప్ప భూమ్మీద ఎవరూ వినలేదు.

సీటీ కొట్టారు. నాన్న హెడ్‌ఫోను తీసి, నన్ను చూసి చిన్నపిల్లాడిలా ముఖం విప్పార్చుకున్నాడు. పోచయ్యగారు విన్నారా అన్నాడు. అబద్ధం చెబుదామనుకున్నాను గానీ మేం వెళ్ళవలసింది ఆ ఇంటికే. కరెంటు పోయిందని చెప్పాను. వచ్చాక ఇంగ్లీషే వచ్చిందని చెప్పాను. ఆయన మిషన్ వైపు చూశాడు. ఆపరేటరు అప్పుడు నెమ్మదిగా, మొదటి గోల్ దగ్గర్నుంచే తీసేశాం సార్ అన్నాడు. నాన్న గ్లాసులో నీళ్ళు తాగి, మిగిలినవి గుమ్మం దగ్గరి పూలకుండీలో పోసి, మైకు తీగ చక్కగా చుట్టి బల్ల మీద పెట్టాడు.

సెమీఫైనళ్ళు, ఫైనలూ ఇంగ్లీషులోనే వచ్చాయి. టీ కొట్ల దగ్గర అదే జనం చూశారు. మా నాన్న గొంతు ఏమైందని ఒక్కరూ అడగలేదు. జరిగింది పోచయ్యగారికి నేను చెప్పాను, ఆ చివరి మాటతో సహా. ఆయన విని తలూపాడు. అనే ఉంటడు బిడ్డా, నేనైతే వినలే అన్నాడు.

ఆగస్టులో కొండ మీద ఒక నిర్మాత ఆఫీసు నుంచి నాన్నకు కబురొచ్చింది. పెద్ద సినిమా. బొంబాయి నుంచి తెచ్చిన రౌడీ వేషగాడికి గొంతు కావాలి. కేబుల్లో కామెరూన్ వాళ్ళకు చెప్పింది మీరేనటగా, ఆ యాస మీకు భలే పలుకుతుందట అన్నారు. అమ్మ పక్కింటికి వినపడేలా దేవుడికి దణ్ణం పెట్టింది. నాన్న ఒక పూట ఆలోచించాడు. రెండో పూట ఒప్పుకున్నాడు. ఆ తర్వాత ఆయనకు పని లోటు రాలేదు. శ్రీనగర్ కాలనీలో మా ఫ్లాటు, నా చదువు, నా పెళ్ళి, అన్నీ ఆ రౌడీలు తిన్న తన్నుల మీద లేచినవే. వాళ్ళు కింద పడ్డప్పుడల్లా థియేటర్లో జనం ఈలలు వేశారు.

ఆ మొదటి సినిమా డబ్బింగుకు ముందు రోజు నాన్న కాగితం పట్టుకుని వసారాలో అటూ ఇటూ తిరిగాడు. రచయితది భీమవరం, ఈ యాస అతనికి కాగితం మీద కుదర్లేదు. హీరో గుండె మీద కాలు వేసి తొక్కితే రౌడీ బతిమాలే మాట ఒకటి ఉంది, అది నాన్నకు నోటికి పట్టడం లేదు. ఇంతకుముందైతే గోడ మీంచి అడిగేవాడు. నన్ను పిలిచి, తలెత్తకుండా, వెళ్ళి అడిగిరా అన్నాడు. నేను వెళ్ళనన్నాను. అమ్మ వంటింట్లోంచి నా వైపు చూసింది. వెళ్ళాను.

పోచయ్యగారు మంచం నవారు బిగిస్తున్నాడు. తప్పయింది, వదిలెయ్ అని మీరెలా అంటారు పెదనాన్నా అని అడిగాను. ఆయన చెయ్యి ఆగింది.

"సినిమాకా?"

అవునన్నాను.

"తన్నెటోనికా, తన్నులు తినెటోనికా?"

తినేవాడికే అన్నాను. ఆయన నవారు కొస మంచంకోడుకు కట్టి, ముడి సరిచూసుకున్నాడు.

"గట్ల అనే అవసరం నాకెన్నడు రాలే బిడ్డా," అన్నాడు.

తర్వాత కాసేపు ఆలోచించి ఆ మాట చెప్పాడు. నేను తప్పుగా పట్టుకెళ్తానేమోనని ఇంకోసారి, నిదానంగా చెప్పాడు. నా చేత అనిపించుకుని, సరిగ్గానే ఉందన్నాడు. నేను దాన్ని మరిచిపోకుండా పెదాల మీద తిప్పుకుంటూ మా వాటాలోకి వచ్చాను.